జేన్ ఆస్టెన్‌కి రాజుల చరిత్ర పట్టలేదని ఎలా రాశారండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ మీద వచ్చిన వ్యాసం చదివాను, బాగానే ఉంది, నవలల కథలు చక్కగా చెప్పారు, కాకపోతే మధ్యలో ఒక మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఆవిడ బతికిన రోజుల్లో ఫ్రాన్స్‌లో రాజు తల తెగింది, నెపోలియన్ యూరప్ మొత్తాన్ని అతలాకుతలం చేశాడు, అయినా ఆవిడకి రాజులూ చరిత్రా ఏమీ పట్టలేదు, పెళ్ళి సంబంధాలూ టీ పార్టీలే ఆవిడ లోకం అని రాశారు. మీ రచయిత ఒక్కరే అన్నది కాదులెండి, చాలామంది అనేదే. కానీ నేను కొంతకాలంగా సరిగ్గా ఈ విషయం మీదే చదువుకుంటున్నాను, ఆస్టెన్‌కి ఇంగ్లండ్ రాజవంశాల కథల మీద ఉన్న మోజు గురించి, అందుకని ఊరుకోలేక రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అసలు విషయం ఏంటంటే ఆవిడ పదిహేనేళ్ళ వయసులో ఇంగ్లండ్ చరిత్ర రాసింది. స్కూల్లో రాయమంటే రాసింది కాదు, ఇంట్లో వాళ్ళని నవ్వించడానికి ఒక నోటుబుక్కులో రాసుకుంది. నాలుగో హెన్రీ దగ్గర మొదలెట్టి మొదటి చార్ల్స్ తల తీసేసేదాకా. చివర తేదీ కూడా వేసింది, 1791 నవంబర్ 26 అని. హాంప్‌షైర్‌లో స్టీవెంటన్ అనే చిన్న ఊళ్ళో చర్చి ఫాదర్ గారి అమ్మాయి, రెండేళ్ళు కూడా సరిగ్గా స్కూలుకి వెళ్ళని పిల్ల, టైటిల్ కింద తన గురించి ఏమని రాసుకుందంటే ఈ చరిత్రకారిణికి పక్షపాతం ఉంది, దురభిప్రాయాలున్నాయి, పైగా ఏమీ తెలీదు అని. ఇందులో తేదీలు చాలా తక్కువ ఉంటాయి గమనించగలరు అని ముందే హెచ్చరిక కూడా. అక్క కసాండ్రా రంగుల్లో పదమూడు బొమ్మలు వేసింది. అయిదో ఎడ్వర్డ్‌కి మాత్రం బొమ్మ లేదు, పాపం ఆ పిల్లాడు ఎన్నాళ్ళో బతకలేదు కాబట్టి బొమ్మ గీసే టైం ఎవరికీ దొరకలేదట!

ఆ పిల్ల వెక్కిరించింది ఎవర్నంటే ఆలివర్ గోల్డ్‌స్మిత్‌ని. 1771లో నాలుగు సంపుటాల ఇంగ్లండ్ చరిత్ర రాశాడాయన, అప్పట్లో పిల్లలందరికీ అదే పాఠం. (మన కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రకి మూలంగా చెప్పుకునే ఇంగ్లీషు నవల రాసింది కూడా ఈ గోల్డ్‌స్మితే, అంటే మన తెలుగు నవలకీ ఆస్టెన్ అల్లరికీ ఒకే ఆయన దగ్గర చుట్టరికం కలుస్తుంది, దీని మీద మీరు విడిగా ఒక వ్యాసం వేయించొచ్చు.) ఆస్టెన్ కుటుంబంలో ఉన్న గోల్డ్‌స్మిత్ పుస్తకం మార్జిన్లలో ఆవిడ రాసిన కామెంట్లు వందకి పైనే ఉన్నాయి. వాటిని చదివితే మీ వ్యాసంలో మాట ఎంత తప్పో ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే చరిత్ర పట్టని మనిషి మార్జిన్లలో అన్నిసార్లు రచయితతో గొడవ పెట్టుకోదు కదా. స్కాట్లండ్ రాణి మేరీ, మొదటి చార్ల్స్ పుట్టిన స్టువర్ట్ వంశం గురించి ఒకచోట ఏమని రాసిందంటే, వీళ్ళకి ఎప్పుడూ అన్యాయం చేశారు, లేదంటే మోసం చేశారు, లేదంటే పట్టించుకోలేదు, వీళ్ళ మంచితనం ఎవరూ ఒప్పుకోరు గానీ తప్పులు మాత్రం ఎవరూ మర్చిపోరు అని. ఇది నవ్వులాటకి రాసిన మాటలా నాకు అనిపించలేదు.

నోటుబుక్కు ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, లేకపోతే నేను దేని గురించి గొడవ పడుతున్నానో మీ పాఠకులకి అర్థం కాదు. నాలుగో హెన్రీ తన అన్న వరస అయిన రెండో రిచర్డ్‌ని రాజ్యం వదిలేయమని ఒప్పించి 1399లో గద్దెక్కి చాలా సంతోషించాడు, రిచర్డ్ శేషజీవితం పాంఫ్రెట్ కోటలో గడపడానికి వెళ్ళాడు, అక్కడ హత్యకి గురవడం జరిగింది, అంతే. ఎవరు చేశారు ఎవరు చేయించారు ఏమీ లేదు, ఏదో వాన పడినట్టు చెప్పి ఊరుకుంటుంది. అయిదో హెన్రీ కాలంలో లార్డ్ కోభమ్‌ని బతికుండగానే తగలబెట్టారు, ఎందుకో నేను మర్చిపోయాను అంటుంది. జోన్ ఆఫ్ ఆర్క్ గురించి, ఆమెని కాల్చకుండా ఉండాల్సింది, కానీ కాల్చేశారు అని ఒక్క ముక్క. పెద్దవాళ్ళ పుస్తకాల్లో ఘోరాల్ని ఎంత తాపీగా చెప్తారో అదే తాపీతనం తీసుకుని వాళ్ళ మొహానే కొట్టింది, ఇది పదిహేనేళ్ళకి వచ్చే తెలివేనా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మూడో రిచర్డ్‌ని అందరూ రాక్షసుడు అంటుంటే ఆయన చాలా మర్యాదస్తుడై ఉంటాడని నా అభిప్రాయం అంటుంది. ఎనిమిదో హెన్రీకి మాత్రం ఒకే ఒక్క మంచి పని దొరికింది, మఠాలన్నీ మూయించి శిథిలాలుగా వదిలేశాడు కాబట్టి ఇంగ్లండ్ ప్రకృతి దృశ్యాలకి అందం వచ్చింది అని. ఆ రాజు తల తీయించిన భార్య ఆన్ బొలీన్ నిర్దోషి అనడానికి సాక్ష్యాలేంటంటే ఆమె అందం, ఆమె చలాకీతనం, ఆమె ప్రమాణాలు, నేరారోపణల్లో పస లేకపోవడం, అన్నిటికంటే రాజుగారి గుణం! చివరిది చూడండి, నవ్వులాటలోంచి అసలు మాట ఎలా బయటపడిందో.

ఇక మేరీ స్టువర్ట్, స్కాట్లండ్ రాణి. ఈ నోటుబుక్కు మొత్తం ఆమె కోసమే. ఇది నేను అంటున్నది కాదు, ఆవిడే రాసింది, స్కాట్లండ్ రాణి ఏ పాపం ఎరగదని నిరూపించడం, ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌ని తిట్టడం ఈ రెండిటి కోసమే ఈ చరిత్ర మొదలెట్టాను, మొదటిది సాధించాను, రెండోది చాలినంత తిట్టలేకపోయానేమో అని దిగులుగా ఉంది అని. మేరీ 1568లో తన దేశం నుంచి పారిపోయి ఇంగ్లండ్ వచ్చింది, చుట్టం కదా ఎలిజబెత్ ఆదుకుంటుందని. ఎలిజబెత్ ఆమెని దాదాపు పంతొమ్మిదేళ్ళు ఒక కోట నుంచి ఇంకో కోటకి తిప్పుతూ బందీగా పెట్టింది, ఆఖరికి 1587 ఫిబ్రవరి 8న ఫోథరింగే కోటలో తల నరికించారు. గోల్డ్‌స్మిత్ లాంటి వాళ్ళంతా ఎలిజబెత్ కాలం మహాగొప్పది అని రాస్తుంటే ఈ పిల్ల ఎలిజబెత్‌ని దుర్మార్గురాలు అనేసింది, బర్లీ, వాల్సింగమ్ లాంటి మంత్రుల్ని అంతకంటే ఘోరంగా తిట్టింది, వాళ్ళు సహకరించకపోతే ఆమె అంత చెడు చేయగలిగేది కాదని. మేరీకి అప్పుడు ఉన్న ఒకే ఒక స్నేహితుడు నార్ఫోక్ డ్యూక్, ఇప్పుడున్న స్నేహితులు విటేకర్ గారు, మిసెస్ లెఫ్రాయ్, మిసెస్ నైట్, ఇంకా నేను అని రాసింది. ఈ విటేకర్ అనే ఆయన 1787లో మేరీని సమర్థిస్తూ పెద్ద పుస్తకం వేశాడు, మిగతా ఇద్దరూ ఇంటికి తెలిసిన పెద్దావిడలు. అంటే చూడండి, రెండొందల ఏళ్ళ కిందట చనిపోయిన రాణి తరఫున హాంప్‌షైర్ పల్లెటూళ్ళో ఒక పార్టీ, అందులో ఒక పండితుడు, ఇద్దరు ఆంటీలు, ఒక పిల్ల.

కసాండ్రా వేసిన బొమ్మల్లో ఎలిజబెత్ పక్కనే మేరీ ఉంటుంది. ఎలిజబెత్ ముక్కు పొడుగ్గా మొహం కటువుగా, మేరీ ముద్దుగా. ఇందులో ఎలిజబెత్‌కి ఆస్టెన్ వాళ్ళ అమ్మ పోలికలు, మేరీకి జేన్ పోలికలు ఉన్నాయని కొంతమంది పరిశోధకులు వాదించారు. నాకైతే సగమే నమ్మకం, బొమ్మల్లో పోలికలు వెతికితే ఎవరి పోలికలైనా కనిపిస్తాయి. కానీ ఇంట్లో మనుషుల్ని చరిత్రలోకి లాగడం మాత్రం నిజమే, ఫ్రాన్సిస్ డ్రేక్ గురించి చెప్తూ ఇప్పుడు చిన్నవాడే గానీ ముందు ముందు అంతటి పేరు తెచ్చుకునేవాడు ఒకడున్నాడని అంటుంది, అది నేవీలో చేరిన అన్న ఫ్రాన్సిస్ అనే అందరూ అనుకుంటారు, ఆయన నిజంగానే తర్వాత అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ అయ్యాడు 1863లో. అది చూడ్డానికి చెల్లెలు లేదు, 1817లోనే పోయింది.

ఈ పక్షపాతం ఎక్కణ్ణించి వచ్చిందంటే కొంత అమ్మ వైపు నుంచి. వాళ్ళమ్మ లీ వంశం. వార్విక్‌షైర్‌లో వాళ్ళది స్టోన్లీ ఆబీ అని పెద్ద భవనం. 1642లో రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం మొదలయ్యేటప్పుడు కావెంట్రీ ఊరి వాళ్ళు మొదటి చార్ల్స్ మొహం మీద తలుపులు మూసేస్తే ఆయన వెళ్ళి తలదాచుకుంది ఆ ఇంట్లోనే. 1806లో జేన్ తల్లితో కలిసి ఆ ఇంటికి వెళ్ళింది కూడా. మొదటి చార్ల్స్ మేరీకి మనవడు, కాబట్టి ఆ పిల్లకి ఇది పుస్తకం చరిత్ర కాదు, అమ్మమ్మ గారింటి కథ. నోటుబుక్కులో చార్ల్స్ నిరంకుశుడు కాదనడానికి ఆవిడ ఇచ్చిన ఒకే ఒక వాదన ఏంటంటే, ఆయన స్టువర్ట్ కాబట్టి. అయిపోయింది, పుస్తకం క్లోజ్.

మరి ఇంత ఉంటే ఆవిడకి చరిత్ర పట్టలేదనే మాట ఎలా పుట్టిందా అని వెతికితే నాకు కనబడిన కారణం చాలా మామూలుది. ఈ నోటుబుక్కు జనం చేతికి వచ్చింది 1922లో. అంటే రాసిన 131 ఏళ్ళకి! ఈలోపు మేనల్లుడు 1870 ప్రాంతంలో రాసిన జీవితచరిత్రే అందరికీ ఆధారం. ఆయన అందులో ఒప్పుకున్నాడు, చిన్నప్పుడు అత్తయ్య చార్ల్స్‌నీ మేరీనీ తెగ సమర్థించేదని, కానీ వెంటనే ఏమంటాడు, అది సాక్ష్యాలు పరిశీలించి కాదు, ఏదో భావావేశం అని. మార్జిన్లలో పంక్తి పంక్తికీ పోట్లాడిన మనిషిని పట్టుకుని భావావేశం అంటాడా! విక్టోరియా రాణి కాలంలో మర్యాదస్తురాలైన అత్తయ్య కావాలి వాళ్ళకి, కుట్టు పని చేసుకుంటూ మధ్యమధ్యలో నవలలు రాసే అత్తయ్య. ఎలిజబెత్ రాణిని నోటికొచ్చినట్టు తిట్టే అత్తయ్యని ఎక్కడ పెట్టుకుంటారు? అదే బొమ్మ ఇప్పటికీ నడుస్తోంది, మీ అనుబంధం దాకా వచ్చింది.

చిన్నప్పటి అల్లరి పట్టుకుని ఏంటమ్మా ఇదంతా, నవలల్లో ఎక్కడుంది చరిత్ర అని అడుగుతారేమో. నార్థాంగర్ ఆబీ తీయండి. కేథరిన్ అనే అమ్మాయి అంటుంది, చరిత్ర చదువుతుంటే విసుగ్గా ఉంటుంది, ప్రతి పేజీలో పోపులూ రాజులూ కొట్టుకోవడం, యుద్ధాలో మహమ్మారులో, మగవాళ్ళంతా పనికిమాలిన వాళ్ళు, ఆడవాళ్ళు దాదాపు లేనే లేరు అని. చాలామంది ఈ మాటని ఆస్టెన్‌కి చరిత్ర ఇష్టం లేదనడానికి సాక్ష్యంగా చూపిస్తారు. నాకు తిరగబడి కనిపిస్తుంది, ఎవరు చదువుతారో వాళ్ళకే కదా ఏం లేదో తెలిసేది. ఆడవాళ్ళు లేరని ఫిర్యాదు చేసిన మనిషే చిన్నప్పుడు ఆన్ బొలీన్‌ని, మేరీని పేజీల మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టింది. ఆ కథ జరిగే ఆబీ, అంటే పాత మఠం, అది కూడా ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు ఆ ఇంటి యజమాని జనరల్ టిల్నీ గారి పూర్వీకుల చేతికి వచ్చిన ఆస్తే. శిథిలాల జోక్ వేసిన పిల్ల పెద్దయ్యాక ఆ ఆస్తి ఎవరి జేబులోకి పోయిందో చూపించింది.

మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో ఇంకోటి. డబ్బున్న పెద్దమ్మ కూతుళ్ళు పేదపిల్ల ఫానీని చూసి నవ్వుతారు, మేమైతే ఇంగ్లండ్ రాజులందర్నీ వరసగా, గద్దెక్కిన తేదీలతో సహా అప్పజెప్పేవాళ్ళం, దీనికేం రాదు అని. ఆ వరస అప్పజెప్పిన పిల్లే పెద్దయ్యాక కాపురం కూల్చుకుంటుంది. నోటుబుక్కులో తేదీలు తక్కువే అన్నది ఏ చదువుని వెక్కిరించడానికో ఇక్కడ తెలుస్తుంది. అదే నవల్లో హెన్రీ క్రాఫోర్డ్ అనే షోకిల్లా షేక్‌స్పియర్ నాటకం తీసి గట్టిగా చదివి ఫానీని మురిపిస్తాడు, చేతిలో కుట్టు పని ఆపేసి అతన్నే చూస్తూ ఉండిపోతుంది. ఏ నాటకం? ఎనిమిదో హెన్రీ. అన్ని నాటకాలుండగా ఒక భార్యని వదిలించుకుని ఇంకో ఆమెని తెచ్చుకున్న రాజు నాటకం, అది కూడా ఈ హెన్రీ చేతికే ఎందుకిచ్చిందంటారు, ఊరికే అయితే కాదు.

పర్సుయేషన్ గురించి చెప్పకపోతే నా బాధ తీరదు. మొదటి పేజీలోనే సర్ వాల్టర్ ఎలియట్ తన వంశం పేరున్న పుస్తకం తీసి చదువుకుని మురిసిపోతుంటాడు, రెండో చార్ల్స్ మొదటి ఏడులో వాళ్ళకి బారనెట్ అనే, తరతరాలకీ వచ్చే ‘సర్’ బిరుదు వచ్చిందని, వాళ్ళు పెళ్ళి చేసుకున్న మేరీలూ ఎలిజబెత్‌లూ అంతా అందులో ఉంటారు. అంటే రాజభక్తికి స్టువర్టులు ఇచ్చిన బిరుదు! పదిహేనేళ్ళప్పుడు స్టువర్ట్ అనే పేరే చాలు అన్న మనిషి, నలభైకి వచ్చేసరికి ఆ భక్తి వల్ల దొరికిన బిరుదు పట్టుకుని అద్దాల ముందు నిలబడే మనిషిని నవలకి విదూషకుణ్ణి చేసింది. ఆయనకి అల్లుడు కావాల్సిన కెప్టెన్ వెంట్‌వర్త్ సోదరుడి గురించి ఏమంటాడో గుర్తుందా, అతను ఏమీ కాదు, స్ట్రాఫర్డ్ వంశానికి ఏ సంబంధం లేదు అని. స్ట్రాఫర్డ్ అంటే మొదటి చార్ల్స్ మంత్రి థామస్ వెంట్‌వర్త్, 1641లో తల తీశారు, మరణశాసనం మీద సంతకం పెట్టింది స్వయానా చార్ల్సే. చిన్నప్పటి నోటుబుక్కులో చార్ల్స్‌కి నమ్మకంగా నిలబడిన అయిదుగురిలో ఈ స్ట్రాఫర్డ్ పేరు ఉంది, ఆ అయిదుగురిలో చార్ల్స్‌ని కూడా కలిపి లెక్కేసిందనుకోండి! ఇరవై నాలుగేళ్ళ తర్వాత చివరి నవల్లో మళ్ళీ అదే పేరు, ఈసారి వంశం లేని నేవీ మనిషిని హీరో చేయడానికి. మీ రచయిత గారు పట్టలేదన్న చరిత్ర ఇది.

ఇలా పేర్ల వెంట పడి చాలా దూరం వెళ్ళిన వాళ్ళున్నారు. యార్క్‌షైర్‌లో వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ అనే మహాభవనం ఉంది, ఫిట్జ్‌విలియం వంశానికి వచ్చింది, ఇక చూసుకోండి, ఆస్టెన్ నవలల్లో పాత్రలు ఎమ్మా వుడ్‌హౌస్, ఫిట్జ్‌విలియం డార్సీ, కెప్టెన్ వెంట్‌వర్త్ అంతా ఆ ఇంటి పేర్లే. ఇది సరదాగానే ఉంటుంది, కొంత నిజం కూడా, ఆవిడకి వంశాల పేర్లు కంఠతా వచ్చు. కానీ ప్రతి పేరు వెనకా ఒక రహస్యం ఉందనే వాళ్ళతో నాకు పడదు.

చివరగా మీ వ్యాసంలో ఇంకో వాక్యం, ఎమ్మా నవలని ఆవిడ యువరాజుకి సగర్వంగా అంకితం ఇచ్చింది అని. సగర్వంగానా! 1813 ఫిబ్రవరిలో స్నేహితురాలు మార్తా లాయిడ్‌కి రాసిన ఉత్తరంలో ఆ యువరాజు భార్య కారొలైన్ గురించి ఏమందంటే, పాపం ఆమె, నేను వీలైనంత కాలం ఆమె పక్షమే, ఎందుకంటే ఆమె ఆడది, పైగా ఆమె మొగుడంటే నాకు అసహ్యం అని. మేరీ తరఫున నిలబడ్డ పిల్లే ఇది, మనిషి మారింది, వాదన మారలేదు. 1815 నవంబర్‌లో లండన్‌లో అన్నకి జబ్బు చేస్తే చూసుకోడానికి వెళ్ళినప్పుడు, యువరాజు గారి లైబ్రేరియన్ క్లార్క్ అనే ఆయన కార్ల్‌టన్ హౌస్‌కి పిలిచి భవనం చూపించి, వచ్చే పుస్తకం ప్రభువుల వారికి అంకితం ఇచ్చుకోవచ్చు అన్నాడు. ఆవిడ తిరిగి ఉత్తరం రాసి అడిగింది, ఇది తప్పనిసరా అని. ఆ మాట అడిగిన మనిషిది గర్వం అంటారా? తర్వాత 1816లో అదే క్లార్క్ ఇంకో సలహా పారేశాడు, యువరాజు కూతురు షార్లెట్‌కి కోబర్గ్ వంశపు లియొపోల్డ్‌తో పెళ్ళి కుదిరింది కదా, ఆ కోబర్గ్ వంశం మీద ఒక చారిత్రక నవల రాస్తే బాగా ఆసక్తిగా ఉంటుంది అని. ఏప్రిల్ 1న జవాబిచ్చింది, ప్రాణం మీదకి వస్తే తప్ప అలాంటి గంభీరమైన నవల రాయలేను, మధ్యలో నవ్వకూడదంటే మొదటి అధ్యాయం పూర్తి కాకముందే నన్ను ఉరి తీయాల్సి వస్తుంది అని. మర్యాదగానే రాసింది, కానీ ఉరి అనే మాట ఎవరితో వాడుతోందో చూడండి, రాజుల ఇంటి నౌకరుతో.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. మీ ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఆ రెండు వాక్యాలూ సవరించండి. ఆవిడకి రాజులంటే భక్తి లేదు అని రాసుకోండి, ఒప్పుకుంటాను. చరిత్ర తెలీదు, పట్టలేదు అని మాత్రం వద్దు. ఆ నోటుబుక్కు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళూ లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళూ కలిసి ఆవిడ చేతిరాత ప్రతులన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టారు, కసాండ్రా బొమ్మలతో సహా. ఎనిమిదో హెన్రీ గురించి ఉన్నది చిన్న ముక్కే, ఎవరైనా మంచి అనువాదకుల చేత తెలుగు చేయించి వచ్చే ఆదివారం వేస్తే పిల్లలు కూడా పడీపడీ నవ్వుతారు.

ఉత్తరం పొడుగైంది, తెలుసు. జాగా చాలకపోతే యార్క్‌షైర్ భవనం పేరా తీసేయండి నాకేం అభ్యంతరం లేదు, మేరీ పేరా మాత్రం దయచేసి కత్తిరించకండి.

ఇట్లు
మీ పాఠకురాలు